బొట్టు పెట్టిన కార్డు

మణికొండ

అమ్మా, మేం బాగానే ఉన్నాం, బెంగపడకు. ఖర్చు తగ్గించాలని నా ఫోనుకు రీచార్జి ఆపేశాం. ఆయన ఫోనులో మాట్లాడితే నాకు ఏడుపొస్తుంది, ఆయన బాధపడతారు. అందుకే ఈ ఉత్తరం.

రెండు క్రెడిట్ కార్డుల్లో పెద్దదాని బాకీ నిన్న తీరింది. అది కొత్తగా వచ్చినప్పుడు లక్ష్మీదేవి అనుకుని బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచాను కదా. "బొట్టు పెట్టినదానివి, నువ్వే కత్తిరించు," అని ఆయన కత్తెర చేతికిచ్చారు. అంకెల సందుల్లో కుంకుమ ఇంకా ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండోదీ నెలనెలా తప్పకుండా కడితేనే బ్యాంకువాళ్లు మళ్లీ నమ్ముతారట. ఆవకాయల వేళకు తీరిపోతుంది. నేను వచ్చేదాకా కాయలు కొట్టించకు.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఆయనకు నా నమస్కారాలు. జవాబు చెల్లి చేత రాయించకు. వంకరగా ఉన్నా నీ అక్షరాలే చూడాలనుంది.

నీ వాసంతి