ఏటవాలు కాడ

హంబోల్ట్ కొండలు, అక్టోబరు 3
చిరంజీవి కోరిన్‌కు,
నీ యంత్రం చేరింది. పూలు ఏరడానికి ఒంటి చెయ్యి, చూడటానికి ఒంటి కన్ను. నువ్వు చెప్పినట్టే మా లైసెన్సు తోట గంజాయి పూల ఫొటోలు రెండు వేల నాలుగు వందల పన్నెండు చూసి, ఒక్కొక్కదానికీ 'బాగుంది', 'బాగోలేదు' అని గుర్తు పెట్టాను. నలభై ఏళ్లుగా పూల చుట్టూ ఆకులు కత్తిరిస్తున్నదాన్ని. నా గుర్తులు చూసి నేర్చుకున్న యంత్రం చెడిపోదు.
అమ్మమ్మ వెర్నా
తా.క. అది కబుర్లు చెప్పదు. మా బల్ల దగ్గర ఆకులు కత్తిరించే ఓపల్ కూడా దాన్ని చూసి నేర్చుకుంటే బాగుండు.

ఓక్లండ్, అక్టోబరు 11
అమ్మమ్మా,
ఇక్కడికి వచ్చే లెక్కల్లో చూస్తున్నాను, యంత్రం చక్కగా ఏరుతోంది. కానీ ఓపల్ గారి ట్రేలోని ప్రతి పువ్వునూ చెత్తలో వేస్తోంది! ఎందుకంటావు?
నీ కోరిన్
తా.క. నిజం చెప్పు. మీ ఇద్దరికీ మళ్లీ మాటల్లేవా?

అక్టోబరు 15
కోరిన్‌కు,
ఓపల్‌ది ఎడమచేతి వాటం. కాడ ఏటవాలుగా తెగుతుంది. యంత్రం అది పసిగట్టింది. "నీ మనవరాలి మరచెయ్యికీ నేనంటే గిట్టదా, వెర్నా?" అంది ఓపల్. "దానికి పని తెలుసు" అన్నాను.
అమ్మమ్మ
తా.క. ఆ మధ్యాహ్నం కాఫీ అందరికీ పోసింది, నాకు తప్ప.

అక్టోబరు 20
అమ్మమ్మా,
యంత్రం లెక్క చూసి, సోమవారం నుంచి ఓపల్ గారిని పనిలోకి రావద్దంటానని మీ యజమాని డ్వైట్ ఫోన్ చేశాడు. కాడ ఏటవాలుగా ఉంటే పువ్వుకు వచ్చిన నష్టమేమిటి? ఆ గుర్తులు పెట్టింది నువ్వే. నువ్వే చెప్పాలి.
కోరిన్
తా.క. నిన్నటి నుంచి యంత్రం చేత ఆకులు కూడా కత్తిరింపిస్తున్నాం. దాని కత్తెర ఎడమవైపు ఉంది. ఒక పువ్వు కత్తిరిస్తుంది, తేరిపార చూస్తుంది, చెత్తలో వేస్తుంది. రోజంతా అదే పని.

అక్టోబరు 26
చిరంజీవి కోరిన్‌కు,
ఫొటోలన్నీ మళ్లీ చూశాను. ఓపల్‌వి ఆరు వందల ఇరవై. అందులో నిజంగా బాగోలేనివి నాలుగు. మిగతావాటికి నేను తప్పు గుర్తు పెట్టాను. జిల్లా సంతలో ఆకుల కత్తిరింపు పోటీ ఆమె గెలిచిన నాటి నుంచి నా కన్ను సరిగా లేదు. ఈ మాట బల్ల చుట్టూ అందరూ వింటుండగా డ్వైట్‌తో చెప్పాను. ఓపల్ ఉద్యోగం నిలబడింది. ఇకపై గుర్తులు నా ఒక్కదాని చేతే పెట్టించవద్దన్నాను. సగం ఫొటోలు ఆమెకిచ్చారు.
నా పూలన్నిటికీ 'బాగుంది' అని పెట్టింది. పందొమ్మిది బాగోలేనివి ఉన్నాయి, నాకు తెలుసు. ఎందుకలా పెట్టావని నిలదీశాను.
"నీ వయసులో ఆ మాత్రం చేయడమే గొప్ప కదా, వెర్నా!" అంది.
అమ్మమ్మ
తా.క. ఆమె నాకంటే పద్నాలుగు నెలలు పెద్ద.