మే నెలలో ఎర్రనీరు

14 మే 1894, కాకినాడ
ఓడ నుంచి దింపిన కిరసనాయిలు డబ్బాలు ముప్పై దాకా చిల్లులు పడ్డాయి. గిడ్డంగి అంతా కంపు. నిప్పు భయం ఉందని కూలీలకి చెప్పి ఉప్పుటేట్లో పోయించాను. కంపెనీ దొరకి చెప్పలేదు. ఆటుకి నీరు వెనక్కి తీస్తోంది కదా, సముద్రం లాక్కుపోతుందిలే అనుకున్నాను.

15 మే
లాక్కుపోలేదు. పోటు మొత్తం వెనక్కి తెచ్చింది.

17 మే
రేవు గట్టు రాళ్ళ దాకా వెళ్ళాను. నాచు ఉడికినట్టు మెత్తబడి, పట్టుకుంటే ఊడి వస్తోంది. ఎత్తి చూస్తే అడుగున రొయ్యపిల్లలు, గోరంత పీతలు... చచ్చి ఉన్నాయి. ఒక్క పీత ఇంకా కాలు ఆడిస్తోంది. జాలిపడి నీళ్ళలో వేశాను. ఏ నీళ్ళలో! బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

19 మే
“ఏంటండీ ఈ చొక్కా, రెండుసార్లు ఉతికినా వాసన పోదే” అంది సుగుణ. ఆవిడకీ చెప్పలేదు.

21 మే
నూకాలు ఆఫీసుకి వచ్చింది. ఆ రాళ్ళ మీద గుల్లలు ఏరి అమ్ముకునే మనిషి. ఆమె వెనక వాళ్ళ పేట ఆడవాళ్ళు నలుగురు. దొర కొత్తగా వచ్చినవాడు, తెలుగు రాదు. ఆమె మాట ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే.
“కిరసనాయిలండి బాబూ... నాచు పోతే పిల్లచేప ఎక్కడ దాక్కుంటాదండీ? మేమేం తినాలండీ?”
నిజం చెబితే ఉద్యోగం పోతుంది. గోదావరి వరద ఎర్రనీరు వచ్చి నాచు చచ్చిందంటోంది, ఏటా ఉండేదే — అని చెప్పాను.
మే నెలలో ఎర్రనీరు! వరదకి ఇంకా రెండు నెలలుంది. ఇక్కడ పాలు తాగే పిల్లకైనా తెలుసు. దొరకి తెలియదు. తలూపి రాసుకున్నాడు.
బయట నూకాలు చేతులు జోడించింది. “మా మాట దొర చెవిన వేశారు. చల్లగా ఉండండి బాబూ.”
తలెత్తలేకపోయాను.

27 మే, ఆదివారం
చర్చిలో కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన రాలేదు.

29 మే
రాళ్ళు బోడిగా ఉన్నాయి. నూకాలు ఉప్పాడ వైపు నడిచి వెళ్తోందట. పొద్దంతా ఏరినా అరబుట్ట నిండడం లేదట.

30 మే
చెప్పేద్దామని దొర గది గుమ్మం దాకా వెళ్ళాను. ఏమిటన్నాడు. రేపటి పడవల సంగతి అడిగి వచ్చేశాను. ఛీ.

2 జూన్
నూకాలు ఇంటికే వచ్చింది. దొర ఉలుకూ పలుకూ లేడు, ఇక పేటవాళ్ళే కలెక్టరుకి అర్జీ పెడతారట. “ఆవేళ ఎంత బాగా చెప్పారండీ! ఆ మాటలే ఉన్నదున్నట్టు రాసిపెట్టండి బాబూ, పేటంతా నిశానీలు గీస్తాం.”
సుగుణ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. దాన్ని ముట్టుకోలేక ఈ పుస్తకం తెరిచాను. నూకాలు గుమ్మంలో కూర్చుని నా కలం వంకే చూస్తోంది. రాస్తున్నది అర్జీ అనుకుంటోంది.
“కిరసనాయిలని రాశారాండీ?” అంటోంది.
రాశాను, అన్నాను. ఇందులో —