సొట్ట మూల బ్రెడ్

3, సోమవారం. ఉదయం 6:10

నేటి నుంచి మా ఇంట్లోకి బేకరీ బ్రెడ్ రాదు. రాసి పెట్టుకున్నాను కాబట్టి ఇక తిరుగులేదు.

కారణం: నిన్న అక్క ఇంట్లో టిఫిను. రాత్రంతా ఆస్పత్రిలో నర్సు డ్యూటీ చేసి, వస్తూ వస్తూ మార్కెట్ దగ్గర బేకరీలో బ్రెడ్ కొనుక్కొచ్చిందట. ఒక్క ముక్క కొరికి, "ఇది బ్రెడ్డా అక్కా, గిన్నెలు తోమే స్పాంజా?" అన్నాను. తనతో పనిచేసే నర్సులిద్దరు పక్కనే ఉన్నారు. ఫక్కున నవ్వారు. అక్క నవ్వలేదు.

"అయితే నువ్వే చెయ్యరా. వచ్చే ఆదివారం మీ ఇంటికొచ్చి తింటాను. చెయ్యలేకపోతే మళ్ళీ నా గడప తొక్కకు."

ఆ బేకరీ సంగతి నాకు తెలియదా? నేను తూనికల ఇన్‌స్పెక్టర్ని. వాడి కాటా ఏటా తనిఖీ చేసేది నేనే. కాటా సరిగ్గానే ఉంటుంది, మనిషే బద్ధకస్తుడు. వాళ్ళ నాన్న కాలంలో బల్ల మీంచి దొర్లిపడి సొట్టలు పోయిన అచ్చుల్లోనే ఇప్పటికీ కాలుస్తాడు. అక్కడి ప్రతి బ్రెడ్డుకీ ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. సిగ్గుండాలి!

కావలసినవి: మైదా 500 గ్రాములు, ఈస్ట్ 7, ఉప్పు 10, నీళ్ళు 320. కొత్త అచ్చు ఒకటి, ఒక్క సొట్ట లేనిది. కొలత తెలియని మనుషుల వల్లే లోకంలో వంటలు తగలడుతున్నాయి.

4, మంగళవారం. రాత్రి 7:30

ఇరవై నిమిషాలు పిండి పిసికాను. వీడియోలో ఆవిడ నవ్వుతూ పిసికింది. అంతా నటన.

8:45. పిండి పొంగలేదు. మా ఆవిడ వచ్చి చూసింది.

"ఏమండీ, నీళ్ళు ఎంత వేడిగా పోశారు?"

"మరిగించి పోశాను. శుభ్రంగా ఉండొద్దూ?"

ఈస్టుకి ప్రాణం ఉంటుందట! వేడి నీళ్ళు పోస్తే చస్తుందట! ఆ ముక్క పొట్లం మీద రాయొచ్చుగా? (రాశారు. అక్షరాలు చిన్నవి.)

5, బుధవారం

పిండిని వెచ్చని చోట పెట్టాలి. ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు బట్టల బీరువా. ఉన్ని దుప్పట్ల మధ్య పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. ఎవరికైనా తట్టిందా ఈ ఆలోచన?

సాయంత్రం 6:15. బీరువా తెరిచాను. పిండి గిన్నె దాటి, దుప్పట్లు దాటి, నా ఇస్త్రీ చొక్కాలు నాలుగింటి మీదికి పాకింది.

"పొంగింది కదండీ, సంతోషించండి" అంది మా ఆవిడ.

6, గురువారం

సెలవు పెట్టాను. ఓవెన్‌లోంచి తీసేసరికి పైన బొగ్గు, లోపల బంక. తూచాను: 741 గ్రాములు. తూకానికి మాత్రం వంక పెట్టలేరు.

తప్పు ఓవెన్‌ది. ఆ మాటే అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని, బ్రెడ్ తీసుకెళ్ళి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. తలుపు కదిలితే ఒట్టు.

7, శుక్రవారం

ఈ రోజు చెయ్యలేదు. కారణాలు: భుజం నొప్పి. గాలిలో తేమ. మైదా నాసిరకం. అయినా చేత్తో చేసిందే గొప్పదని ఎవడన్నాడు? మా హెడ్ క్లర్కు ఇంట్లో బ్రెడ్ చేసే మిషన్ ఉంది. అడిగి తెచ్చాను. మీట నొక్కితే చాలట. ఆయన చేయగలిగాడంటే ఎవరైనా చేస్తారు.

8, శనివారం

మీట నొక్కాను. మూడున్నర గంటలు తిరిగింది. మూత తీస్తే అడుగున నీళ్ళు, పైన పొడి పిండి, వేడివేడిగా.

మా ఆవిడ మిషన్ వచ్చిన అట్టపెట్టె దులిపింది. ఒక రెక్క కింద పడింది. పిండి కలిపేది అదేనట.

రేపు అక్క వస్తుంది. నాకు ఆపరేషనైతే పదకొండు రోజులు మంచం పక్కన కుర్చీలో నిద్రపోయిన మనిషి. అన్నదంటే అన్నట్టే చేస్తుంది. ఆ ఇంటికి వెళ్ళకుండా నేను ఉండలేను. భయంగా ఉంది.

9, ఆదివారం. ఉదయం 6:00

బేకరీకి వెళ్ళాను. నన్ను చూడగానే వాడు కాటా తుడవడం మొదలుపెట్టాడు.

"ఆదివారం కూడా తనిఖీనా సార్?"

"బ్రెడ్ కావాలి."

నమ్మలేదు. మూడుసార్లు తూచి ఇచ్చాడు.

8:40. బ్రెడ్ ఓవెన్‌లో వెచ్చబెట్టాను. పైన పిండి చల్లాను, నా చొక్కా మీదా చల్లుకున్నాను. సొట్ట మూల కోసేస్తే అనుమానం వస్తుంది. గోడవైపు తిప్పి పెట్టాను. ఇన్‌స్పెక్టర్ బుర్ర!

10:30. అక్క వచ్చి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒక ముక్క తిని "బాగుందిరా" అంది. రెచ్చిపోయి ఈస్టు గురించి పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. మా ఆవిడకి దగ్గు ఆగలేదు. అంతా విని అక్క పళ్ళెం ఇటు తిప్పింది. సొట్ట మూల జాగ్రత్తగా కోసి నా ప్లేటులో పెట్టింది.

"తిను. చిన్నప్పుడు ఈ మూల కరకరలాడుతుందని నా జుట్టు పీకి మరీ లాక్కునేవాడివి. పోయిన ఆదివారం కూడా నీకు ఇదే పెట్టాను. నువ్వు చూడలేదు."

తిన్నాను. కరకరలాడింది. వారం రోజులుగా ఈ డైరీలో అందరినీ తిట్టి, తిట్టాల్సినవాణ్ణి వదిలేశాను.

గుమ్మం దగ్గర అడిగాను: "ఇక మీ ఇంటికి రావద్దా అక్కా?"

"వచ్చే ఆదివారం రా. నీ చేత్తో చేసింది తీసుకురా. రాయైనా తింటాను, నా పళ్ళు గట్టివే."

10, సోమవారం. ఉదయం 6:10

నేటి నుంచి బ్రెడ్ నేనే చేస్తాను. మైదా 500, ఈస్ట్ 7, ఉప్పు 10, నీళ్ళు 320, గోరువెచ్చగా. వేలు పెట్టి చూశాను.

కొత్త అచ్చు మరీ నున్నగా ఉంది. సుత్తి తీసుకుని ఒక మూల సొట్ట పెట్టాను. మా ఆవిడ చూసి నుదురు కొట్టుకుంది. ఆవిడకేం తెలుసు!