పొగ లేని బీరు

హాసెల్‌గ్రుండ్,
అక్టోబరు 27

లోరెంజ్ అన్నయ్యకు,

నీ గెర్లిండ్ ప్రేమతో రాస్తున్నాను. ఇక్కడ మా ఆయన, నేను, మూడు కోళ్లూ క్షేమం. నాలుగోదాన్ని నక్క ఎత్తుకుపోయింది. ఆఫ్రికాలో మీ సముద్రపు ఒడ్డున నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నా మోకాలు వానకు ముందు సతాయిస్తుంది, మిగతా రోజుల్లో మర్యాదగానే ఉంటుంది. నాన్న సమాధి మీద ఒరిగిన రాయిని సరిచేయించాం. చర్చి గంట ఇంకా నాలుగు నిమిషాలు ఆలస్యమే, ఊరు దానికే అలవాటుపడింది. ఇక ఏటా అడిగే ప్రశ్న, ఈ శరత్కాలపు బాక్ బీరు, మన ఘాటైన పొగ బీరు, ఎలా ఉందని. పంతొమ్మిదేళ్లుగా దాన్ని నువ్వు నా ఉత్తరాల్లోనే తాగుతున్నావు. పోయినేడు నా ఉత్తరం చదివి గుమ్మంలో కూర్చుని ఏడ్చావని వదిన రాసింది. అది గుర్తొచ్చినప్పుడల్లా నువ్వు ఇంత దూరాన ఉన్నందుకు నాకూ ఏడుపొస్తుంది.

ఎప్పటిలాగే ఈ నెల రెండో గురువారం ఒట్మార్ తన సత్రంలో తాను కాచిన బీరు కొత్త పీపా తెరిచాడు. పత్రికకు రాయాల్సిన బీరును నేను సందట్లో తాగను కదా, రెండు సీసాల్లో పట్టించుకుని ఇంటికి తెచ్చాను. రంగు చెస్ట్‌నట్ కాయ రంగు. నురగ గట్టిగా నిలిచింది. ఒక సీసా తాగి మన వారపత్రికకు రాసి పంపాను: 'ముందు బీచ్ చెట్టు కట్టెల పొగ పలకరిస్తుంది, వెనకే మాడిన రొట్టె అంచు, చివర్లో చేదు. ఒట్మార్‌ది చెయ్యి తిరిగిన పని.'

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం అతని సత్రంలో చేరాం. ఒట్మార్ ఆ పత్రికను నా ముందు పరిచాడు.

"పొగ వాసన బాగుందా, గెర్లిండ్?"

"ఏ ఏడు బాగాలేదు గనక?"

"ఆగస్టులో బార్లీ ఆరబెట్టే నా పొయ్యి పగిలిపోయింది. పొగ తగలని బార్లీ కొనుక్కొచ్చి కాచా. ఏం రాస్తావో చూద్దామని నోరెత్తలేదు."

బల్ల చుట్టూ ఒకటే నవ్వు. "పొగ ఆవిడ కలంలోంచి వచ్చుంటుందిలే," అంది అతని భార్య కునిగుండ్. ఒట్మార్ మాత్రం నవ్వలేదు.

"తాగకుండానే రాశావు కదూ?"

"అవును," అన్నాను. "తీరిక లేకపోయింది."

అతను లేచి, కొక్కేనికి వేలాడుతున్న నాన్న రాతి మగ్గును దించి, అదే పత్రికలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఇంటికి తీసుకుపో," అన్నాడు. మగ్గు కొక్కెం దిగిందంటే ఆ బల్ల దగ్గర మనకిక చోటు లేనట్టేనని నీకు నేను చెప్పనక్కర్లేదు. నవ్వేవాళ్లు కూడా తలలు దించుకున్నారు.

అన్నయ్యా, నేను తాగాను. చివరి చుక్క దాకా తాగాను. మార్చిలో వచ్చిన జ్వరం నా ముక్కుకు వాసనే తెలియకుండా చేసి పోయింది. ఉప్పు తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, అంతే. కాఫీ లేదు, తడిసిన ఆకులు లేవు, మా ఆయన చొక్కా కాలరు లేదు. ఆయనకు కూడా చెప్పలేదు. పోయినేటి జ్ఞాపకాన్నే ఈ ఏటి బీరుగా రాశాను. ముక్కు పోయిందని ఒప్పుకోవడం కన్నా బద్ధకస్తురాలిని అనిపించుకోవడమే తేలిక అనిపించింది. వాసన లేకపోతే నీకేం రాసి పంపను? ఇన్నేళ్లుగా నీకు నేనిస్తున్నది అదొక్కటే.

వదిన చెల్లెలు వచ్చే వారం అటు వస్తోంది. మూత తీయని రెండో సీసా, నాన్న మగ్గు ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. మరీ చల్లబరచకు. మగ్గులో పోసుకుని, తాగే ముందు కాసేపు ముక్కు దగ్గర పెట్టుకో. అందులో ఏముందో అదే రాయి, బాగాలేకపోతే ఆ మాటే రాయి. ఒట్మార్‌కు నిజం చెప్పి, నీ ఉత్తరం అతనికి చదివి వినిపిస్తాను. అతని ఏడాది కష్టానికి ఒక్క నిజమైన మాటైనా దక్కాలి. ఈసారి నేను నీ ఉత్తరంలో తాగుతాను.

మగ్గును మాత్రం ఎవరి చేతికీ ఇచ్చి పంపకు. నువ్వే తెచ్చి కొక్కేనికి తగిలించు.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం ఎదురుచూసే చెల్లెలు
గెర్లిండ్