ఎదుటి కొండ మీద వెలుగు

ప్రియమైన కోపిష్ఠికి,

ఈ కొండ మీదికి వచ్చి రెండు నెలలైంది. పొద్దునా సాయంత్రం వాన ఎంత పడిందో కొలవడం, గాలి వేగం రాసుకోవడం, కింది ఆఫీసుకు వైర్‌లెస్‌లో చెప్పడం. ఉద్యోగమంతా ఇంతే.

ఒక సంగతి చెబుతాను, నవ్వకూడదు. పది రోజులుగా పొద్దుగూకే వేళ ఎదుటి కొండ వాలు మీద ఒక వెలుగు కనిపిస్తోంది. అక్కడ ఇల్లు లేదు, దారి లేదు. కాసేపు ఆగుతుంది, కాసేపు కదులుతుంది. వంటాయనకు చూపిస్తే గుమ్మంలోనే ఆగిపోయాడు. “అది ప్రాణం సార్. తనవాళ్ళు ఇక్కడున్నారని వచ్చింది. మీవాళ్ళెవరైనా పోయారా?” అన్నాడు. నేనేమీ చెప్పలేదు.

సాయంత్రమయ్యేదాకా కాలు నిలవడం లేదు.

నీ
వానలెక్కల మనిషి

* * *

ప్రియమైన వానలెక్కల మనిషికి,

నవ్వలేదు. కళ్ళజోళ్ళ షాపులో అద్దం అంచు అరగదీస్తూ మీ ఉత్తరం చదివాను. అద్దం పాడైంది. “కంట్లో నరం ఒత్తుకుంటే లేని వెలుగులు కనిపిస్తాయమ్మా” అన్నాడు మా ఓనరు. వంటాయనకూ కనిపించిందంటే జబ్బు కాదులే.

ఎవరైనా పోయారా అంటే మీరేమీ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? మీ మొదటావిడ పోయి ఎనిమిదేళ్ళు. నేనొచ్చి ఆరేళ్ళు. మీ పెట్టె అడుగున ఆవిడ ఫొటో ఉందని నాకు తెలుసు. దాని మీద బట్టలు సర్దింది నేనే. బతికున్న మనిషైతే జుట్టు పట్టుకుని అడుగుదును. వెలుగుతో ఏం పోట్లాడను? రెండేళ్ళు కాపురం చేసిన మనిషి కొండలెక్కి వెతుక్కుంటూ వచ్చింది!

తెల్లగా ఉంటుందా, పచ్చగానా? వద్దు, చెప్పకండి. చెప్పండి.

మీ
రెండో ఆవిడ

* * *

ప్రియమైన శ్రీవారికి,

మూడు వారాలైంది, జవాబు లేదు. సాయంత్రాలు తీరిక దొరకడం లేదేమో. నిన్న ఒకామె కొత్త కళ్ళజోడు పెట్టుకుని “అబ్బ, ఎంత వెలుగో!” అంది. ఒళ్ళు మండిపోయింది. మొహం మీంచి లాక్కోబోయాను.

ఒక్క మాట రాయండి. ఆవిడేనని రాసినా సరే.

మీ
ఎదురుచూసే మనిషి

* * *

ప్రియమైన నా పిచ్చిదానికి,

ఎన్నిసార్లు రాసి చించానో. ఆవిడ కాదు. ఆవిడ పొడగరి, వడివడిగా నడిచేది. ఈ వెలుగు మోకాలెత్తు కూడా ఉండదు. నాలుగడుగులు వేసి కూలబడుతుంది, మళ్ళీ లేస్తుంది.

మన పాప ఉండి ఉంటే ఈపాటికి నడక నేర్చేది. నీకు మత్తు దిగేలోపే అంతా అయిపోయింది. నర్సు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. “ఎలా ఉంది?” అని నువ్వు అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయాను. మళ్ళీ అడుగుతావేమోనన్న భయంతోనే ఈ కొండకు బదిలీ వేయించుకున్నాను.

అది పొగమంచో, ఏదైనా ఆవిరో, నిజంగా ప్రాణమో నాకు తెలియదు. వస్తే మాత్రం లోపలికి పోబుద్ధి కాదు.

నీ
పిరికివాడు

* * *

ప్రియమైన మీకు,

ఆవిడ మీద కుళ్ళు పోయింది. ఇప్పుడు మీ మీద కుళ్ళుగా ఉంది. తొమ్మిది నెలలు మోసింది నేను. చేతుల్లోకి తీసుకున్నది మీరు. నెల దాటి రోజూ ఆ అడుగులు చూస్తున్నదీ మీరొక్కరే. ఎలా దాచుకున్నారండీ?

గురువారం బస్సుకు వస్తున్నాను. కొలతలు మీరు చూసుకోండి, కిటికీ దగ్గర నేను కూర్చుంటాను. నాకు కనిపించకపోతే పక్కన కూర్చుని చెప్పండి, ఎటు వెళ్ళిందో, ఎన్నడుగులు వేసిందో. ఆ రోజు మీ చేతుల్లో ఎలా ఉందో కూడా. ఈసారి లేచి వెళ్ళనివ్వను.

ఇట్లు
పాప వాళ్ళమ్మ