ఎత్తిన చెయ్యి

అమ్మకు నీ పెద్దకూతురు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, తమ్ముడూ, నీ మోకాళ్ళూ కులాసా అని తలుస్తాను.

మజిలీ చిరునామాకు రాసిన నీ ఉత్తరం మొన్న అందింది. వేళకు తింటున్నావా అని అడిగావు. సిగ్గు విడిచి రెండోసారి కూడా వడ్డించుకుంటున్నాను. సైకిలు సీటు ఒరుసుకున్నచోట మందు రాసుకుంటున్నాను. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని నేను వచ్చేదాకా ఆగుతుందట. ఇక "నలభై దాటాక ఈ సైకిలు పిచ్చేమిటే?" అన్నావు. లేనివాళ్ళ కంటి ఆపరేషన్ల కోసం ఏడు రోజులు తొక్కుతామంటే చందాలిచ్చేవాళ్ళున్నారమ్మా. షాపులో రోజూ కళ్ళే చూస్తాను కదా, కాదనలేకపోయాను.

మాతో రిటైరైన బస్సు డ్రైవరుగారు ఒకాయన ఉన్నారు. అరవై ఆరేళ్ళు. "నలభై ఏళ్ళు నేను పెడళ్ళు తొక్కాను, ఇప్పుడు అవి నన్ను తొక్కుతున్నాయి" అంటూ అందరినీ నవ్విస్తారు. మొదటి రోజు నా చైను ఊడితే చేతులు నల్లగా చేసుకుని ఆయనే ఎక్కించారు.

నిన్న ఐదో రోజు. పొద్దుటినుంచీ ఎదురుగాలి. పది దాటేసరికి ఎండ నెత్తి మాడ్చేసింది. ఆ మీదట ఆరు కిలోమీటర్ల పొడవున ఎత్తు ఎక్కాలి. బాటిల్లో నీళ్ళు వేడెక్కిపోయాయి, పిక్కలు పట్టేశాయి. ముందు చక్రం తప్ప ఏమీ చూడకుండా తొక్కుతున్నాను. ఒక మలుపులో డ్రైవరుగారు సైకిలు పక్కన పడేసి రాయి మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి చెయ్యెత్తారు. నేనూ చెయ్యెత్తి ముందుకు వెళ్ళిపోయాను.

కాసేపటికి మాకు తోడుగా వచ్చే వ్యాను హారను కొట్టుకుంటూ కిందికి పోయింది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నం మా మజిలీ అయిన బడి హాల్లో దిగేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళలో ఆ ఎత్తును దిగకుండా ఎక్కినదాన్ని నేనొక్కదాన్నేనట. ఆ చప్పట్లలోనే ఎవరో అన్నారు, "డ్రైవరుగారు వడదెబ్బ తగిలి పడిపోయారు. వ్యానులో ఆసుపత్రికి చేర్చారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవారు కాదట."

నేను ఆయన్ను చూశానని అప్పుడు ఎవరికీ చెప్పలేదమ్మా. ఆ చెయ్యి నన్ను పొమ్మందా, ఆగమందా? పొమ్మందనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? దిగితే ఆ ఎత్తులో మళ్ళీ ఎక్కలేనని భయపడిన మాట మాత్రం నిజం. ఆ భయం ముందు వచ్చిందో, చెయ్యి ముందు కనిపించిందో ఎంత ఆలోచించినా తేలడం లేదు. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే ముఖం చూసి పట్టేసేదానివి. ఇప్పుడు నా ముఖం నాకే అర్థం కావడం లేదు.

నిన్న సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళాను. చేతికి సెలైను పెట్టుకుని పడుకుని ఉన్నారు. మంచం పక్కన నిలబడి అడిగేశాను.

"మలుపులో మీరు చెయ్యెత్తారు కదండీ. ఆగమనా, వెళ్ళమనా?"

ఆయన నా వైపు తల తిప్పారు. "గుర్తు లేదమ్మా. ఎవరో వస్తున్నట్టు మాత్రం అనిపించింది. అది నువ్వా?"

"నేనే. ఆగలేదు."

"ఆగమనే ఎత్తానేమో మరి."

"అయ్యుండొచ్చు."

తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు. "కాసిని నీళ్ళియ్యి" అన్నారు. తల కింద చెయ్యి పెట్టి తాగించాను. తాగి కళ్ళు మూసుకున్నారు. క్షమించారో, అలసిపోయారో తెలియలేదు.

ఈ పొద్దున మా యాత్ర నాయకుడి దగ్గరకు వెళ్ళి నిన్న జరిగింది చెప్పాను. ఆయన టోపీ సర్దుకున్నారు. "అందరికంటే వెనక నన్ను పెట్టండి" అన్నాను. పెట్టారు. ఇవాళంతా ఎవరు చెయ్యెత్తినా దిగాను. ఒకామెకు పంక్చరు. ఒకాయనకు తిమ్మిరి. ఇంకొకాయన ముఖం మీది ఈగను తోలుకుంటున్నాడట. "నాకేం కాలేదండీ, మీరు వెళ్ళండి" అన్నాడు. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని గానీ సైకిలెక్కలేదు.

మజిలీకి చేరేసరికి అందరూ భోజనాలు ముగించి చేతులు కడుక్కుంటున్నారు. రేపు ఆఖరి రోజు. రేపూ వెనకే వస్తానని చెప్పాను.

ఇట్లు,
నీ ముఖం ఎదుట నిలబడాలని ఉన్న
పెద్దది