పాట ఎక్కిన స్టేజీ

బేస్తవారిపేట,
22-9-2024, ఆదివారం.

సువార్తమ్మక్కకు,

అంకాలమ్మ నమస్కరించి రాయించేది. యర్రగొండపాలెంలో నువ్వు, నీ కొడుకు రాజ్ కుమార్, కోడలు, పిల్లలు అందరూ చల్లగా ఉండాలని మీ దేవుణ్ణీ మా దేవుణ్ణీ ఇద్దర్నీ అడుక్కుంటా ఉన్నా. ఆ తర్వాత ఇక్కడ మేమంతా క్షేమం అని రాయించడం పద్ధతి. కానీ అట్ల రాయించడానికి లేదక్కా. మన కండక్టరన్న పోయినాడు. ధనుంజయన్న, మొన్న బేస్తవారం పొద్దున, మార్కాపురంలో, ఆస్పత్రిలో.

నీ పాత నంబరుకు చేసినాము. ఆ నంబరు ఇప్పుడు లేదని వస్తా ఉంది. హార్మోనియం వీరాంజనేయులు రేపు మీ ఊరికి వస్తా ఉంటే ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి పంపిస్తా ఉన్నా.

రాస్తా ఉండేది మా మనవరాలు కావ్య. మా పెద్దోడి కూతురు. నువ్వు చూసినప్పుడు గిద్దలూరులో వాళ్ళ అమ్మానాయన దగ్గర ఏడో తరగతి. ఇప్పుడు నా దగ్గరుండి మార్కాపురం కాలేజీకి పోయి వస్తా ఉంది. నా రాత సంగతి నీకు తెలుసు. అంగన్‌వాడీలో నువ్వు ఆయాగా ఉన్నప్పుడు పిల్లల పలక మీదే నాకు అక్షరాలు దిద్దించినావు. అయినా నా అక్షరాలు ఎప్పుడూ మా గొర్రెల మాదిరే, ఒకటి ఇటు పోతే ఒకటి అటు. అందుకని నేను చెప్తా ఉంటే ఇది రాస్తా ఉంది. ఇట్ల రాయకూడదవ్వా అని మధ్యలో నాకే పాఠం చెప్తా ఉంది.

అన్నకు ఊపిరితిత్తుల జబ్బు. ముప్పై ఏళ్ళు బస్సులో దుమ్ము మింగినాడు, ఇంక ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి. శ్రావణం దాటిన కాడ నుంచి మంచం దిగలేదు. సాగనంపేటప్పుడు మనవాళ్ళు తొమ్మిది మందే వచ్చినారు. డప్పులు పిలిపించినారు గానీ పాట ఎవరూ ఎత్తుకోలేదు. ఎవరికి వాళ్ళు పక్కోళ్ళ మొహం చూసినారు. ఎత్తుకునేదానివి నువ్వు. నువ్వు లేవు. ఊరంతా పాటలు కూడబెట్టిన మనిషిని పాట లేకుండా మోసుకుపోయినాము. 

మన బేస్తవారం సంఘం ఎట్ల మొదలయిందో కావ్యకు చెప్తా ఉంటే నమ్మడం లేదు. మార్కాపురం, గిద్దలూరు బస్సులో మిరప కోతలకు పోయే ఆడోళ్ళు పాడుకుంటా ఉంటే, ఈయన టికెట్లు కొట్టడం మానేసి వింటా నిలబడేవాడంట. నీకు గుర్తుందా, నిన్ను మొదటిసారి అడిగింది అదే. నువ్వు ఎక్కిన స్టేజీ సరే, పాట ఎక్కిన స్టేజీ ఏది అని. డ్రైవరు తిడతా ఉన్నా బస్సు కదలనీయలేదని నువ్వే ఎన్నిసార్లో చెప్పి నవ్వినావు. ఆయనకు బేస్తవారం సెలవు కాబట్టి మనకు బేస్తవారం పాటలు. పాత రైసుమిల్లు షెడ్డులో, మధ్యాహ్నం మూడు కాడ నుంచి పొద్దు వాలేదాకా.

మాల్యాద్రన్న గొర్రెలను తమ్ముడికి అప్పజెప్పి వచ్చి, కర్ర వాకిలి కాడ పెట్టి మందను అదిలించే పాట ఎత్తుకుంటే రేకుల మీద దుమ్ము రాలేది. మంద దొడ్డికి చేరే పొద్దుకు ఆయన లేవాల, కాబట్టి మొదటి పాట ఎప్పుడూ ఆయనదే. లక్ష్మీనరసమ్మత్తకు చేతిలో రోకలి లేకపోతే దంపుడు పాట నోటికి రాదు. ఇంటి కాడ నుంచి రోకలి మోసుకొచ్చేది, పాపం. కృష్ణకుమారి పిల్లల కోలాటం దెబ్బకు టీ గ్లాసులు ఎన్ని పగిలినాయో. వీరాంజనేయులు హార్మోనియంలో ఒక మెట్టు పలకదు. పాట ఆ మెట్టు కాడికి రాగానే అందరం నోటితో కలిపేవాళ్ళం. క్రిస్మస్ ముందు బేస్తవారం నువ్వు మీ కీర్తన పాడితే, మాల్యాద్రన్న హల్లెలూయను గొర్రెలను పిలిచినట్టు పిలిచినాడని ఆ పొద్దు ఎవరమూ పాడలేకపోయినాము, నవ్వి నవ్వి.

నవ్వులాట ఎంతయినా, అన్న పెట్టిన రూలు ఒకటి మాత్రం ఎవరూ తప్పేవాళ్ళు కాదు. పాట ఎత్తుకునే ముందు అది ఎవరిచ్చినారో చెప్పాల. ఈ పాట నాకు ఫలానా ఆమె ఇచ్చింది, ఆమెకు ఫలానా ఆమె ఇచ్చింది, ఫలానా ఊర్లో ఎక్కింది అని. చెప్పకపోతే టికెట్ లేని ప్రయాణమని దింపేసేవాడు. మాల్యాద్రన్నను ఒకసారి నిజంగానే సగం పాటలో ఆపినాడు కదా. పేర్లన్నీ ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసుకునేవాడు. చచ్చిపోయినోళ్ళు కూడా మన షెడ్డుకు వచ్చి కూర్చున్నట్టు ఉండేది.

ఇంక మన బావి పాట. బావిలో దిగి తవ్వే ఆమె ఒక్కో బార లోతుకు ఒక్కో చరణం. ఎర్రమట్టి పోయింది, మొరం పోయింది, బండ తగిలింది, ఎన్ని బారల కాడ నీళ్ళే అక్కా అని నువ్వు అడిగేదానివి. ఇంకొక్క బార, ఇంకొక్క బార అని నేను వంత. ఇరవై ఏళ్ళు నా పాటంతా ఆ రెండు మాటలే. చివరికి నీళ్ళు పడినాయో లేదో పాట చెప్పదు. 

ఇప్పుడు ఆ పాట కావ్య కూడా పాడతా ఉంది. కాలేజీలో పాడి మొదటి బహుమతి తెచ్చుకుంది. ఈ మాట రాయడానికి సిగ్గుపడి పెన్ను కింద పెట్టింది, నేనే గదిమి రాయిస్తా ఉన్నా. వచ్చే నెల ఒంగోలులో పాడాలంట.

రెండేళ్ళ కిందటి గొడవ మళ్ళీ తవ్వడం నాకు ఇష్టం లేదు. మార్కాపురం నుంచి వీడియో తీసేవాళ్ళు వచ్చినప్పుడు నువ్వు కోడలి కాన్పుకు పెద్దదోర్నాలలో ఉన్నావు. రెండు గొంతులూ నేనే పాడినా. వీడియో కింద నీ పేరు లేదు. ఫోనులో చూసుకొని నువ్వు షెడ్డుకు వచ్చినావు. మీకు నా పాట కావాల గానీ నా పేరు వద్దా అని అడిగినావు. అన్న లేచి నిలబడి, పేర్లు చెప్పింది నేనే, పొరపాటు నాదే అన్నాడు. అందరి ముందరా చేతులు జోడించినాడు. నువ్వు ఆయన మొహం కూడా చూడకుండా పోయినావు. ఆ తర్వాత యర్రగొండపాలెంలో కొడుకు దగ్గరికి చేరినావు, మళ్ళీ రాలేదు.

నువ్వు పోయినాక సంఘంలో జీవం పోయింది. కృష్ణకుమారి పిల్లలకు డీజే పాటలే కావాలంట. హార్మోనియం తోలు ఎలుకలు కొట్టినాయి. లక్ష్మీనరసమ్మత్త పోయిన ఏడు కాలం చేసింది, ఆమె రోకలి ఇప్పటికీ షెడ్డులో మూలకు ఉంది. పోయిన వేసవిలో చాలా బేస్తవారాలు అన్న ఒక్కడే తాళం తీసి, చాప పరుచుకొని, పొద్దు వాలినాక చాప చుట్టి వచ్చేవాడు. ఎందుకన్నా ఈ అగచాట్లు అంటే, సువార్తమ్మ వస్తే తాళం వేసి ఉండకూడదు కదా అనేవాడు.

పోవడానికి రెండు రోజుల ముందు నేనూ కావ్యా చూడ్డానికి పోయినాము. మాట్లాడితే ఆయాసం. అయినా చెప్పినాడు. నా పెద్దకర్మకు మైకులు వద్దు, మన షెడ్డులో బావి పాట పాడండి, ఎత్తుకునేది సువార్తమ్మే కావాల అని. అది తప్ప ఏమీ అడగలేదు.

వచ్చే ఆదివారం, ఇరవై తొమ్మిదో తేదీ, పదకొండో రోజు. నీకు ఆయన మీద ఎంత కోపముందో నాకు తెలుసు. కోపానికి కారణముందనీ తెలుసు. పోయినోడి మీద ఇంకా ఏం కోపమక్కా. ఒక్కసారి రా. యర్రగొండపాలెంలో పొద్దున మొదటి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి ఇక్కడుంటావు. మాల్యాద్రన్న బస్టాండు కాడ ఉంటాడు. మా ఇంట్లోనే భోంచేసి, మా ఇంట్లోనే ఉండి పోవాల. రాజ్ కుమార్‌కు దీవెనలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ వంత,
అంకాలమ్మ.

తా.క.

ఇక్కడి నుంచి రాత నాది. నువ్వు నేర్పిన అక్షరాలే. తప్పులుంటే నువ్వే సర్దుకో. కావ్య నీళ్ళ టిన్నులకు పోయింది. వచ్చేలోపల రాయాల.

పైన కావ్య రాసింది నేను చెప్పిందే. కానీ అందులో అంతా నిజం కాదు. ఆ పిల్ల పక్కనుంటే నాకు నిజం నోటికి రాలేదు.

వీడియోలోళ్ళకు పేర్లు చెప్పింది అన్న కాదు. నేను.

ఆ పొద్దు మా దొడ్డి కాడ తీసినారు. అన్న ఒక్కడే పక్కనున్నాడు. పాట ఎవరిచ్చినారో చెప్పమ్మా అని కెమెరా ఆయన అడిగినాడు. ఈ పాట నాకు మా అమ్మ ఈరమ్మ ఇచ్చింది అన్నాను. వాళ్ళు నా మాట కోసేసి పాట మాత్రం పెట్టి, కింద నా పేరూ మా అమ్మ పేరూ రాసినారు.

ఎందుకన్నానో చెప్తా. షెడ్డులో అందరికీ పాట ఇచ్చినోళ్ళు ఉన్నారు. నువ్వు ఎత్తుకున్న ప్రతిసారీ మీ అమ్మ పేరు చెప్పేదానివి. విని విని నాకు కడుపులో మండేది. మా అమ్మ నల్లమలలో గొర్రెల వెంబడి తిరిగి తిరిగి పోయింది. నాకు ఒక్క పాట ఇవ్వలేదు. ఆమెకు పాటలు రావు. మందను అదిలించే కేక తప్ప. ఆ నోటుబుక్కులో మా అమ్మ పేరు ఎక్కడా లేదు. నువ్వు ఊర్లో లేవు. కెమెరా ముందర ఆ పేరు వచ్చేసింది. వచ్చేసింది అనడం కూడా అబద్ధమే. నేనే అన్నా.

అన్న విన్నాడు. వాళ్ళ ముందర ఏమీ అనలేదు. వీడియో వచ్చినాక ఇంటికి వచ్చినాడు. నేను నా మీద వేసుకుంటా, సువార్తమ్మకు నా మీద కోపమొస్తే నాలుగు వారాలకు తగ్గుతుంది, నీ మీద వస్తే పాట రెండు ముక్కలవుతుంది, తగ్గినాక నువ్వే చెప్పుకో అన్నాడు. నువ్వు అసలుకే పోతావని ఆయన అనుకోలేదు. నేను చెప్పుకోలేదు. రెండేళ్ళూ ఆయన నన్ను అడగలేదు. ప్రతి బేస్తవారం నా మొహం చూసేవాడు, అంతే. నేను షెడ్డుకు పోవడం తగ్గించింది ఆ చూపుకే.

ఆస్పత్రిలో పెద్దకర్మ మాట చెప్పినాక నన్ను పాడమన్నాడు. ముందు పేరు చెప్పి పాడమన్నాడు. నాకు అర్థమయింది. పక్కన కావ్య ఉంది. అది వాళ్ళ ముత్తవ్వ పాట అనుకొని కాలేజీలో ఆ పేరే చెప్పి బహుమతి తెచ్చుకున్న పిల్ల. నేను మళ్ళీ ఈరమ్మ అన్నా. అన్న గోడ పక్కకు తిరిగినాడు. నేను పాడినా. కావ్య వంత పాడింది. ఆయన మళ్ళీ ఇటు తిరగలేదు. అంతే అక్కా, నేను ఆయన్ను చూసిన కడసారి.

నువ్వు ఆయన్ను క్షమించాల్సింది ఏమీ లేదు. నన్ను క్షమించమని అడగను. వచ్చి పాడు చాలు. ఎత్తుకునే ముందు అందరి ముందరా మీ అమ్మ పేరు చెప్పు. కావ్య ముందు వరసలో ఉంటుంది. అది ఒంగోలు పోయేలోపల విననీ.

రాకపోయినా సరే. ఆదివారం షెడ్డు తాళం నేనే తీస్తా. నేనే లేచి చెప్తా. నా గొంతుకు ధైర్యం లేదని నాకు తెలుసు, అందుకని ముందు నీకు రాసి పెడతా ఉన్నా.

ఈ పాట నాకు సువార్తమ్మ ఇచ్చింది. సువార్తమ్మకు వాళ్ళమ్మ దీనమ్మ ఇచ్చింది. ఎక్కింది తర్లుపాడు పక్కన, దీనమ్మ కూలికి దిగిన బావిలో.